కుందేళ్ళ మీదికి పట్ట

జహ్రాలో వాన ఏడాదికి నాలుగైదు సార్లు.
ఆ నాలుగైదు సార్లకే ఇంత గొడవ.

దానా పాపకు రెండు కుందేళ్ళు.
పెరట్లో ఇనుప జాలీ కట్టిన ఆరడుగుల తావు,
వాటి పరుగంతా అందులోనే.
పోయినేడు కప్పిన నీలం పట్ట
ఎండకాలం నడిమికే అప్పడమైపోయింది.
తాకితే చాలు, నీలం పొట్టు గడ్డిలో రాలేది.
కుందేళ్ళు తింటాయేమోనని
పొద్దున్నే కూచుని ఏరేదాన్ని,
బియ్యంలో రాళ్ళేరినట్టు.

"గట్టిది చూసి తే, ఓబుళా" అని
మేడమ్ ఎనిమిది దినార్లు చేతిలో పెట్టింది.
ఇద్రీస్ బండిలో శుక్రవారం సంతకు పోయినా.

అంగట్లో అన్ని రకాలూ ఉండాయి.
ఆకుపచ్చది, వెండి రంగుది,
లారీల మీదికేసే బండ రకం,
గుడారం గుడ్డ, కళ్ళు కళ్ళుగా ఉండే నీడ వల.
అంగడి ముసలాయన ఏది చూపించినా
"ఇది పదేళ్ళు" అంటాడు.
తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.
నా కుందేళ్ళకు నాలుగుండాయి తాతా
అని తెలుగులోనే అన్నా.
ఏమర్థమైందో, నవ్వినాడు.

నాకు పట్టలు కొత్త కాదు.
రాయచోటి మార్కెట్ యార్డులో
పన్నెండేళ్ళు శనక్కాయ బస్తాల మీద
మబ్బు లేస్తే చాలు, పట్టలు ఈడ్చినదాన్ని.
మంచిచెడ్డ గోరుకు తెలుస్తాది.
గీరితే పొర లేచేది వద్దు.
మడిచి విప్పితే తెల్ల గీత మిగిలిందా,
రేపు అక్కడే చినుగుతాది.
తాడు దూర్చే కన్నానికి ఇత్తడి వలయం ఉండాల.
ఇనుముదైతే తుప్పు పట్టి గుడ్డనే కొరుక్కుతింటాది.
వాసన చూసినా. టైరు కంపు కొట్టింది పక్కకు నెట్టినా.
చివరికి బూడిద రంగుదొకటి గుంతగా పట్టించి,
నేను తాగే సీసా నీళ్ళు అందులో పోసి
అడుగున అరచెయ్యి పెట్టి నిలబడినా.
ఇద్రీస్ గడియారం చూస్తాండాడు.
అరచెయ్యి తడవలేదు.

పన్నెండన్నాడు. తొమ్మిదిన్నరకు దిగినాడు.
ఆ ఒకటిన్నర నేనే వేసినా.
మేడమ్‌కు చెప్పలేదు.
ఎందుకు వేసినానో నాకే తెలీదు.

నాలుగు పక్కలా మూస్తే అది గూడు కాదు, కుక్కరు.
అందుకని ఉత్తరం దిక్కు జానెడు గాలికి వదిలినా.
నడిమధ్య పైపు వంచి పెట్టి
నీళ్ళు నిలవకుండా వాలు తీసినా.
తాళ్ళు బిగిస్తాంటే పాప అడిగింది,
ఇది వాటి గుడారమా అని.
ఆకాశం అని చెప్పినా.

నవంబర్‌లో ఒక రాత్రి రెండింటికి ఉరిమింది.
చెప్పుల్లేకుండా పరిగెత్తినా,
యార్డులో పరిగెత్తినట్టే.
పట్ట మీద వాన జారిపోతాండాది.
లోపలికి ఒక్క చుక్క దిగలేదు.
నా గోరు అబద్ధం చెప్పలేదు.

అయినా కుందేళ్ళు మూలన
ఒకదాని మీదొకటి ఎక్కి వణుకుతాండాయి.
నీళ్ళు కింద నుంచి వచ్చినాయి.
ఈ నేలకు వానను తాగే అలవాటు లేదు,
గోడ వారగా తెచ్చి జాలీలోకి వదిలింది.

పన్నెండేళ్ళూ పైకే చూసినా.
బస్తాల కింద చెక్కలు పరిచేదెవరో
ఒక్కనాడూ అడగలేదు.

రెండింటినీ చున్నీలో చుట్టి
వంటింట్లో ఫ్రిజ్ పక్కన కూచున్నా తెల్లారేదాకా.
పెద్దది నా వేలు నాకింది, ఉప్పుకేమో.

పొద్దున రొట్టెల డబ్బాలు రెండు బోర్లించి
పైన పాత తలుపు చెక్క వేసి
వాటిని మళ్ళా లోపల దించినా.
మేడమ్ వచ్చి పట్టను తట్టి చూసి
"జేన్, జేన్" అనింది.
చెక్క కేసి చూడలేదు.

గంగులప్పా? గంగిరెడ్డా?
బక్క మనిషి. మోకాళ్ళ దాకా ఎప్పుడూ బురద.
పేరు నాలిక మీదికి రాదు.